సప్తపర్ణి నీడలో గానతపోవనము

భారతీయుల మనస్సునందు వనమునకును విద్యకును గల సంబంధము అనాదిసిద్ధమైనది. ఆరణ్యకములు అరణ్యముననే పుట్టినవి. కణ్వాశ్రమమున లేళ్లును లతలును గురుకుల కుటుంబములో చేరియుండెను. నైమిశారణ్యమున శౌనకాది మహర్షులు పురాణశ్రవణము చేసినది చెట్ల నీడనే. శ్రీకృష్ణభగవానుడు వేణువూదినది రాజసౌధమున గాదు. యమునాతీరమున, కదంబ వృక్షముల క్రింద. నగరములును యంత్రములును పెరిగిన కాలమున ఈ పరంపరను మరల నేలపై నిలుపుటకు నలువది సంవత్సరములు శ్రమించిన మహనీయులు విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు. వారి కవిత్వమును ఎఱిగినవారు పెక్కుమంది. వారి ఆశ్రమము ఎట్లు పుట్టెను, దానికై వారు ఏమేమి కోల్పోయిరి, చెట్ల క్రింద పాట దానిని ఎట్లు నిలిపెను అను సంగతి ఎఱిగినవారు కొలదిమంది.

వంగదేశమున వీరభూమి జిల్లాలో, కలకత్తాకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున బోల్పూరు అను ఊరు కలదు. దాని చెంత నాడు ఎఱ్ఱమట్టి దిబ్బలు, వాననీరు కోసిన గండ్లు, అక్కడక్కడ తాళవృక్షములు తప్ప మఱియేమియు లేని బయలు ఉండెడిది. దొంగల భయము గల చోటని దానికి పేరు. రవీంద్రుల తండ్రియగు మహర్షి దేవేంద్రనాథులు ఆ దారిని పోవుచు రెండు సప్తపర్ణి వృక్షములను చూచి, వాని నీడను ధ్యానమునకు కూర్చుండిరి. ఆ నిర్జనత వారి మనస్సును ఆకర్షించెను. 1863లో రాయ్‌పూరు జమీందారుల నుండి 20 బిఘాల భూమిని ఏటికి 5 రూపాయల శిస్తుపై శాశ్వతపు కౌలుగా గైకొని, అచ్చట ఒక గృహము కట్టించిరి. దానికి శాంతినికేతనమని పేరిడిరి. మంచి మన్ను తెప్పించి పోయించి మామిడి మొక్కలను, సాలవృక్షములను నాటించిరి. నేడు లోకమున పేరెన్నికగన్న ఆ ఆమ్రవనము బంజరునేలపై మానవప్రయత్నముచే పెరిగినదేకాని స్వయంభువు గాదు.

మహర్షి 1888లో ఆ స్థలమును ధర్మకర్తల కప్పగించుచు వ్రాసిన పత్రము గమనింపదగినది. వారు బ్రహ్మసమాజమునకు చెందినవారగుటచే అచ్చట నిరాకారమగు పరబ్రహ్మోపాసన మాత్రమే జరుగవలెననియు, విగ్రహారాధన కూడదనియు నియమించిరి. అర్చావతారమును నమ్మిన వైష్ణవులకు ఈ నియమము వేఱుదారిగా తోచుట సహజము. కాని ఆ పత్రముననే ఏ మతస్థుల ఆరాధ్యదైవమునైనను అచ్చట నిందింపరాదనియు, జీవహింసయు మద్యమాంసములును ఆ ఆవరణమున కూడవనియు, ఏటేట ఒక మేళా జరుపవలెననియు కలదు. తమదారిని తాము నడచుచు ఎదుటివారి దైవమును దూషింపకుండుట అను ఈ మర్యాదయే పిదప ఆ ఆశ్రమమునకు పునాదియయ్యెను. మహర్షి దీక్ష గైకొనిన పుష్యమాసపు ఏడవ దినమున 1894లో మొదటి మేళా జరిగెను. చుట్టుపట్ల గ్రామముల రైతులు, కీర్తనకారులు, ఏకతారను మీటుచు తిరుగు బావులు గాయకులు ఆ మేళాకు రాసాగిరి.

రవీంద్రులు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తాలోని జోరాసంకో భవనమున జన్మించిరి. పాఠశాల గోడలు వారికి చెఱసాల గోడలవలె తోచెడివి. 1873లో ఉపనయనమైన పిదప తండ్రి వారిని హిమాలయ యాత్రకు తోడ్కొనిపోవుచు మార్గమధ్యమున శాంతినికేతనమున నిలిపిరి. నగరపు మేడలో పరిచారకుల కావలిలో పెరిగిన పదకొండేండ్ల బాలునకు ఆ బయలు, ఆ ఆకాశము, తండ్రి యిచ్చిన స్వేచ్ఛ అపూర్వముగా కన్పట్టెను. పగలు సంస్కృతపాఠము, రాత్రి నక్షత్రపరిచయము, ఉషఃకాలమున తండ్రితో ఉపాసన. చదువు ఇట్లును ఉండవచ్చునని వారికి నాడే తోచెను.

వారి యౌవనమున మఱియొక ధార వచ్చి కలిసెను. అది వైష్ణవ పదావళి. విద్యాపతి, చండీదాసు మొదలగు భక్తకవుల పదములను వారు పసితనముననే ఆసక్తితో చదివిరి. ఆ భాషను, ఆ భావమును అలవఱచుకొని భానుసింహుడను మాఱుపేరుతో పదములు రచించి 1884లో గ్రంథముగా ప్రకటించిరి. మఱుసటి యేట ఒక మిత్రునితో కలిసి పూర్వకవుల పదములను ఏర్చి పదరత్నావళి అను సంకలనమును వెలువరించిరి. జీవుడు భగవంతుని కొఱకు అలమటించునట్లే భగవంతుడును జీవుని కొఱకు దారిచూచుచుండునను భావము వారి గీతములలో అడుగడుగునకు వినవచ్చును. గీతగోవిందకర్త జయదేవుని పేర వెలసిన కెందులి గ్రామము శాంతినికేతనమునకు చేరువనే, అజయ నదీతీరమున కలదు. మకరసంక్రాంతికి అచ్చట వైష్ణవులును బావులు గాయకులును చేరి రాత్రులంతయు పాడుదురు. అట్టి గాలి వీచు నేలపై ఆశ్రమము వెలయుట కాకతాళీయమని తలపనక్కఱలేదు.

1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన రవీంద్రులు తండ్రి అనుమతితో అచ్చట బ్రహ్మచర్యాశ్రమమును ప్రారంభించిరి. విద్యార్థులు అయిదుగురు, వారిలో ఒకడు వారి పెద్ద కుమారుడు రథీంద్రుడు. బాలురు సూర్యోదయమునకు ముందే లేచి, స్నానము చేసి, ధ్యానమునకు కూర్చుండెడివారు. తమ ఆసనమును తామే చంకనిడుకొని పోయి చెట్టు క్రింద పఱచుకొనెడివారు. ప్రతి గురువునకు ఒక చెట్టు. వాన వచ్చెనేని పాఠము ఆగును. అంతట ఆ వానయే పాఠమగును. మొదట బాలుర వద్ద రుసుము గైకొనరాదని నియమము. అన్నవస్త్రముల భారమంతయు ఆశ్రమమునదే.

ఆ భారము మోసినదెవరు? గృహిణియగు మృణాళినీదేవి తన నగలను ఒక్కొక్కటిగా అమ్మి యిచ్చెను. తానే వంటశాలలో నిలిచి ఆశ్రమ బాలురకు వండిపెట్టెను. రవీంద్రులు పూరీక్షేత్రమున సముద్రతీరమందలి తమ గృహమును విక్రయించిరి. ఆశ్రమము వెలసి సంవత్సరము నిండకమునుపే, 1902 నవంబరులో మృణాళినీదేవి పరమపదించెను. మఱుసటి యేట రెండవ కుమార్తె రేణుక గతించెను. 1904లో సతీశచంద్రరాయలను యువక గురువు మశూచికముచే ఆశ్రమముననే ప్రాణములు విడిచెను. 1905 జనవరిలో మహర్షి దేవేంద్రనాథులు అస్తమించిరి. ఒక్కొక్క చావుతో ఒక్కొక్క ఆధారము జాఱెను. అయినను ఆశ్రమము నిలిచెను.

రవీంద్రుల కనిష్ఠపుత్రుడు శమీంద్రుడు. తండ్రి ముఖమును, తండ్రి రసికతను పుణికిపుచ్చుకొని పుట్టిన బాలుడు. 1907 శ్రీపంచమినాడు అతడు తోడి బాలురను కూర్చుకొని, వసంతాది ఋతువుల వేషములు ధరించి, ఆశ్రమమున ఋతూత్సవమును ఆరంభించెను. పెద్దలు నియమింపలేదు, పిల్లవాని మనస్సున పుట్టిన వేడుక అది. అదే సంవత్సరము నవంబరులో సెలవులకు ముంగేరు వెళ్లిన శమీంద్రుడు విషూచివ్యాధికి లోనై పదునొకండవ యేటనే కన్నుమూసెను. అయిదేండ్లకు ముందు తల్లి పోయినదియు ఆ నవంబరు మాసముననే. దహనసంస్కారము ముగించి రైలులో మరలివచ్చుచు రవీంద్రులు ఆ రాత్రి ఆకాశమునిండ వెన్నెల కాయుట చూచిరి. లోకమున ఎచ్చటను ఏ కొఱతయు కనబడలేదనియు, సమస్తమును ఆ పూర్ణమునందే నిలిచియున్నదనియు, ఆ పూర్ణమునందే తానును ఉన్నాననియు వారికి తోచినట్లు చాలకాలమునకు పిదప కుమార్తెకు వ్రాసిన లేఖవలన తెలియుచున్నది.

పుత్రశోకమున మునిగిన తండ్రి ఉత్సవము మాన్పించియుండవచ్చును. కాని వారు మాన్పలేదు. మఱుసటి యేడు 1908లో శారదోత్సవమను నాటకమును రచించి బాలురచేత ఆడించిరి. పసివాడు నాటిన మొలకను తండ్రి నీరుపోసి పెంచెను. ఆషాఢమేఘములు క్రమ్మినపుడు వర్షామంగళము, ఫాల్గుణమున వసంతోత్సవము, శరత్తునందు శారదోత్సవము, ఇట్లు ఋతుచక్రమంతయు ఆశ్రమమున పాటగా మాఱెను.

ఈ గానోత్సవముల తీరు వర్ణింపదగినది. వసంతోత్సవమునకు ఆమ్రవనమే మండపము. పూతపట్టిన కొమ్మలే తోరణములు. నేలపై శిల్పాచార్యులు నందలాల్ వసు, వారి శిష్యులు తీర్చిన ముగ్గులే రంగస్థలము. పసుపువన్నె వస్త్రములు కట్టి, తలలో మోదుగపూలు తుఱిమికొని బాలబాలికలు వరుసగా పాడుచు నడచెడివారు. ప్రతిదినమును తెల్లవాఱుజామునను రాత్రియందును వైతాళికులవలె ఒక బృందము ఆశ్రమమంతయు పాడుచు తిరుగునది. పున్నమినాళ్లలో గురుశిష్యులు కలిసి ఎఱ్ఱగండ్ల వెంట కోపాయి నది వఱకు పాడుచు పోయెడివారు. చూచువారొకరు, చూపువారొకరు అను భేదము అచ్చట తక్కువ.

రవీంద్రులు రచించిన పాటలు రెండువేలకు మించినవి. వారు పాట కట్టిన వెంటనే రాగము మఱచిపోవుచుండిరి. అగ్రజులు ద్విజేంద్రనాథుల మనుమడగు దినేంద్రనాథుడు సమీపమున నుండి పాటను తత్క్షణమే కంఠస్థము చేసి, స్వరపఱచి, బాలురకు నేర్పెడివాడు. ఆయనను కవి తమ పాటల భాండాగారికునిగా ఎంచిరి. వృద్ధులగు ద్విజేంద్రనాథులు ఆశ్రమముననే నివసించుచుండిరి. ఉడుతలును పక్షులును భయములేక వారి చేతినుండి ఆహారము గైకొనెడివని ప్రసిద్ధి.

1919లో శ్రీహట్టమునకు వెళ్లినపుడు రవీంద్రులు మణిపురీ వైష్ణవుల నృత్యమును చూచి ముగ్ధులైరి. రాధాకృష్ణ రాసలీలను భక్తితో నర్తించు ఆ సంప్రదాయమును ఆశ్రమమునకు తేదలచి, త్రిపుర సంస్థానము నుండి మణిపురీ గురువును రప్పించిరి. మంచి కుటుంబముల కన్యలు నర్తించుట నాటి సంఘమునకు సమ్మతము గాదు. 1926లో నటీర్ పూజ అను నాటకమున, బుద్ధభక్తురాలగు నర్తకి స్తూపము ఎదుట తన నృత్యమునే పూజగా అర్పించి ప్రాణమిచ్చు ఘట్టమును నందలాల్ వసు కుమార్తె నర్తించెను. కలకత్తాలో దానిని ప్రదర్శించుటకు వెళ్లునపుడు నిందలు వచ్చునని ఎఱిగి, రవీంద్రులు తమకై ఒక భిక్షుపాత్రను చేర్చుకొని తామే వేదిక నెక్కిరి. పిల్లలపై పడబోవు మాటను ముందుగా తామే భరించుట వారి పద్ధతి.

గానముతోబాటు శాస్త్రవిద్యయు అచ్చట వర్ధిల్లెను. విధుశేఖరశాస్త్రిగారు సంస్కృత, పాళీ గ్రంథములను బోధించిరి. క్షితిమోహనసేనులు గ్రామగ్రామము తిరిగి కబీరు మొదలగు భక్తుల పదములను సేకరించిరి. హరిచరణ వంద్యోపాధ్యాయులు సంస్కృతోపాధ్యాయులుగా ఉండి, కవి ప్రోత్సాహముచే వంగభాషకు మహానిఘంటువును దశాబ్దముల తరబడి ఒంటరిగా కూర్చిరి. సంగీతము చదువునకు ఆటంకమని తలచువారికి ఈ పండితులే ప్రత్యుత్తరము.

ఆంధ్రులకును ఆ ఆశ్రమముతో అనుబంధము కలదు. పిఠాపుర సంస్థాన విద్వాంసులగు వీణా సంగమేశ్వరశాస్త్రిగారి వాదనమును విని పరవశులై రవీంద్రులు వారిని శాంతినికేతనమునకు ఆహ్వానించిరి. ఆ చెట్ల నీడలలో తెలుగువాని వీణ మ్రోగెను. రాయప్రోలు సుబ్బారావుగారును, బెజవాడ గోపాలరెడ్డిగారును అచ్చట చదివినవారే. 1919లో రవీంద్రులు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రమించినపుడు జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించిరి. ఆ కళాశాలాధ్యక్షుల సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి సిద్ధపఱచెను. 1933లో వారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు మానవుని గూర్చి ఉపన్యసించిరి.

ఇట్టి ఆశ్రమమును నడపుట సులభమని తలపరాదు. ప్రభుత్వోద్యోగుల బిడ్డలకు ఆ పాఠశాల తగదని తూర్పువంగ, అస్సాము ప్రభుత్వము 1911 ప్రాంతమున రహస్యాజ్ఞ వెలువరింపగా కొందఱు తండ్రులు తమ బాలురను మరలించుకొనిపోయిరి. రుసుము లేని నియమము ఖర్చులకు తాళలేక సడలెను. 1913లో నోబెలు బహుమానము లభింపగా ఆ ధనమును రవీంద్రులు తమ జమీందారీలోని పతిసర్ వ్యవసాయ బ్యాంకున నిలువచేసిరి. దానిచే రైతులకు అప్పు దొరకెను. వడ్డీ ఆశ్రమమునకు చేరెను. 1915లో గాంధీమహాత్ములు వచ్చి, వంటయు పారిశుద్ధ్యమును సేవకులపై విడువక విద్యార్థులే చేయవలెనని బోధింపగా, మార్చి 10వ తేదీన ఆ ప్రయోగము ఆరంభమయ్యెను. నేటికిని ఆ దినమును అచ్చట గాంధీ పుణ్యాహమని స్మరింతురు. 1921 డిసెంబరులో ఆశ్రమము విశ్వభారతిగా విస్తరించెను. మఱుసటి యేట సమీపమందలి సురుల్ గ్రామమున శ్రీనికేతనమను గ్రామసేవాకేంద్రము వెలసెను.

1928 జులైలో వృక్షారోపణోత్సవము ప్రారంభమయ్యెను. ఒక పొగడమొక్కను అలంకరించి, శంఖధ్వనులతో, పాటలతో ఊరేగించి తెచ్చిరి. పృథివ్యాది పంచభూతముల వేషములతో బాలురు నిలిచిరి. బిడ్డను ఇంటికి తెచ్చినట్లు ఆ మొక్కను నేలకు అప్పగించిరి. మఱునాడు శ్రీనికేతనమున హలకర్షణోత్సవము జరిగెను. దేవునికి చేయు ఉత్సవపు మర్యాదలన్నియు ఒక మొక్కకును, ఒక నాగలికిని జరుపుట క్రొత్తగా కనబడవచ్చును. అశ్వత్థమునకు ప్రదక్షిణము చేయువారికి, తులసికోటకు దీపము పెట్టువారికి అది క్రొత్త గాదు.

ధనలోపము మాత్రము తీఱలేదు. పాటయే ఆశ్రమమునకు ఆభరణము. పాటయే దానికి భిక్షాపాత్రయు అయ్యెను. లోగడ బాంకుడాలో కఱవు వచ్చినపుడు 1916లో ఫాల్గుణి నాటకమును కలకత్తాలో ఆడి, అంధుడగు బావులు వేషము తామే ధరించి, వచ్చిన ధనమును అన్నార్తులకిచ్చిరి. ఇప్పుడు ఆశ్రమమునకే అట్టి యాచన అవసరమయ్యెను. 1936లో, డెబ్బదియైదవ యేట, శరీరము శిథిలమైనను బృందమును వెంటబెట్టుకొని ఉత్తరభారత నగరములలో చిత్రాంగద నృత్యనాటకమును ప్రదర్శించుచు ఢిల్లీ చేరిరి. ఈ సంగతి ఎఱిగి గాంధీమహాత్ములు మనస్సు నొచ్చి, 60,000 రూపాయలు సమకూర్చి యిప్పించి, ఆ యాత్రను ఆపించిరి.

1940 ఫిబ్రవరిలో గాంధీమహాత్ములు కస్తూరిబాయితో శాంతినికేతనమునకు విచ్చేసిరి. ఆమ్రవనమున వారికి స్వాగతము జరిగెను. మరలిపోవు సమయమున రవీంద్రులు వారి చేతిలో ఒక లేఖ నుంచిరి. తన జీవితపు సారమంతయు ఎక్కిన ఓడగా ఆ సంస్థను పేర్కొని, తన తరువాత దానిని కాపాడవలసినదిగా వేడిన లేఖ అది. భార్య నగలతో ఆరంభమై, బిడ్డల చావులతో తడిసి, నలువది ఏండ్లు నడచిన తపస్సును ఆ వృద్ధుడు మఱియొకరి చేతిలో పెట్టెను. నాది అను భావమును విడచుటకు ఇంతకంటె కఠినమైన పరీక్ష గృహస్థునకు వేఱొకటి లేదు. గాంధీజీ ఆ లేఖను మౌలానా ఆజాదుగారికి చూపిరి. ఆజాదుగారు విద్యామంత్రిగా ఉండిన 1951లో విశ్వభారతి కేంద్రవిశ్వవిద్యాలయమయ్యెను. 2023లో శాంతినికేతనము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

1941 జులై 25వ తేదీన రోగపీడితులగు రవీంద్రులను చికిత్సకై కలకత్తాకు గొనిపోయిరి. ఆ చెట్లను వారు మరల చూడలేదు. ఆగస్టు 7వ తేదీన, వంగీయుల శ్రావణమాసపు 22వ దినమున, తాము పుట్టిన జోరాసంకో భవనముననే కన్నుమూసిరి. తమ మరణానంతరము పాడవలెనని ముందుగా రచించి దాచియుంచిన పాటను ఆశ్రమవాసులు వారు కోరినట్లే పాడిరి.

వారు గతించిన ఆ శ్రావణదినముననే శాంతినికేతనమున వృక్షారోపణము జరుపు ఆచారము ఏర్పడెను. పెద్దలు పోయిన తిథినాడు కన్నీటితో తిలోదకము విడుచుట మన ధర్మము. అచ్చటి బాలురు ఆ దినమున పాడుచు ఒక మొక్కను తెచ్చి, నేలలో నాటి, దాని మొదట నీరు విడుతురు.